కుళాయి లేని ఊరి ఫైరింజన్

పెన్సిల్వేనియాలో ఊరికి దూరంగా ఇల్లు కొనుక్కున్న మిత్రుడొకడు ఆ మధ్య ఫోన్ చేశాడు. "ఇదేం విడ్డూరంరా! ఫైర్ స్టేషన్ వాళ్ళు చందా అడుగుతూ ఉత్తరం పంపారు. ఎవడో టోపీ పెడుతున్నాడనుకుని చెత్తబుట్టలో పడేశాను" అన్నాడు. ఆ ముందు నెలలోనే ఇంటికి బీమా చేయించుకోబోతే ఏజెంటు రెండు సంగతులు అడిగాడట. ఇంటికి వెయ్యి అడుగుల లోపు హైడ్రంట్ ఉందా? ఐదు మైళ్ళ లోపు ఫైర్ స్టేషన్ ఉందా? మొదటిది లేదు, రెండోది ఉంది. ఉన్న ఆ స్టేషనే వాడికి ఉత్తరం రాసింది.

అమెరికా ఫైరింజన్ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది సినిమాల్లో చూసిన న్యూయార్క్. వీధి వీధికీ పొట్టిగా నిలబడి ఉండే ఇనుప హైడ్రంట్, దానికి గొట్టం తగిలిస్తే ఊరి నీళ్ళన్నీ వెనకాల ఉన్నట్టే. పట్నం దాటి మొక్కజొన్న చేలలోకి వెళితే ఆ హైడ్రంట్లు కనబడవు. ఎవరి ఇంటికి వాళ్ళ బోరే ఉంటుంది. నెల జీతం తీసుకునే ఫైర్‌మెన్ కూడా ఉండరు. మంట లేస్తే వచ్చేది పాడి రైతు, వడ్రంగి, స్కూలు బస్సు డ్రైవరు, ఇనుప సామాన్ల కొట్టు యజమాని. వాళ్ళ సంస్థ పేరు ఫైర్ కంపెనీ. ఇక్కడ కంపెనీ అంటే దండు అని పాత అర్థం, వ్యాపారంతో దానికి పనిలేదు. దేశం మొత్తం మీద మంటలార్పే వాళ్ళలో సుమారు మూడింట రెండొంతుల మంది ఇలాంటి వాలంటీర్లే.

ఈ పద్ధతికి దాదాపు మూడు వందల ఏళ్ళ వయసుంది. 1736 డిసెంబర్ 7న ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నారు. సభ్యుడన్న ప్రతివాడూ ఇంట్లో తోలు బక్కెట్లు, సామాను మూటగట్టడానికి సంచులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలన్నది నియమం. మీటింగుకు రానివాళ్ళ దగ్గర వసూలైన జరిమానాలతో ఇంజన్లు, నిచ్చెనలు, కొక్కేలు కొనుక్కున్నారు. ఆ తర్వాత ఆవిరి పంపులు వచ్చాయి. నగరాలు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాయి: సిన్సినాటి 1853లో, న్యూయార్క్ 1865లో, ఫిలడెల్ఫియా 1871లో. పల్లెలు మాత్రం ఫ్రాంక్లిన్ దారిలోనే ఉండిపోయాయి. మనుషులు అదే తీరు, మారింది బక్కెట్టు. ఈనాటి పల్లె ఫైర్ కంపెనీ షెడ్డులో కనబడే సామానంతా ఆ తోలు బక్కెట్టు విడిపోయి, పెరిగి పెద్దదై, ఒక్కో పనికి ఒక్కో రూపం ఎత్తిందే.

రెండు స్వరాలు, పద్నాలుగు నిమిషాలు

అన్నిటికన్నా చిన్న పరికరంతో మొదలుపెడదాం. వాలంటీరు నడుముకు తగిలించుకునే పేజర్ ఒక రేడియో. రాత్రింబవళ్ళు వింటూనే ఉంటుంది, నోరు మాత్రం విప్పదు. కౌంటీ (మన జిల్లాలాంటిది) కంట్రోల్ రూమ్ ఒక్కో కంపెనీకి రెండేసి స్వరాలు కేటాయిస్తుంది. సరిగ్గా ఆ రెండు పౌనఃపున్యాలు ఒకదాని వెంట ఒకటి వినబడితేనే పేజర్ మేలుకుని కూత పెడుతుంది. పక్క ఊరికి పిలుపు వెళితే దీనికి పట్టదు. 1970లలో మొదలైన ఈ ఏర్పాటు, ఫోన్‌లో యాప్‌లు వచ్చాక కూడా కొనసాగుతోంది. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని సొంత కారులో బయల్దేరతాడు. పెన్సిల్వేనియాలోనైతే కారు మీద నీలి దీపం పెట్టుకోవచ్చు. దాన్ని చూసి దారి ఇవ్వడం పక్కవాళ్ళ మర్యాదే. వేగ పరిమితి దాటే హక్కు ఆ దీపానికి లేదు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వాలంటీర్ దళాల కోసం అమెరికాలో రాసుకున్న ప్రమాణం ప్రకారం, చదరపు మైలుకు 500 మంది కన్నా తక్కువ ఉండే పల్లె ప్రాంతాల్లో ఆరుగురు మనుషులు 14 నిమిషాల్లో మంట దగ్గరికి చేరాలి, అదీ పదింట ఎనిమిదిసార్లు చేరితే చాలు. ఇది మొదటి అంకె. ఇక మంట సంగతి. పాతకాలపు కర్ర కుర్చీలు, నూలు పరుపులు ఉన్న గదినీ, ఈనాటి ఫోమ్ సోఫాలు, సింథటిక్ తివాచీలు ఉన్న గదినీ యూఎల్ అనే భద్రతా పరీక్షల ప్రయోగశాల వాళ్ళు పక్కపక్కన తగలబెట్టి చూశారు. పాత గదిలో ఉన్నదంతా ఒక్కసారిగా భగ్గుమనడానికి దాదాపు అరగంట పట్టింది. కొత్త గది ఐదు నిమిషాల లోపే భగ్గుమంది. ఈ భగ్గుమనే ఘడియనే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత ఆ గదిలో ఉన్న మనిషి బతికి బయటపడడం అసాధ్యం.

మంటకు ఐదు నిమిషాలు, మనిషికి పద్నాలుగు. పల్లె దళం చేరేసరికి మంట అప్పటికే ముదిరి ఉంటుంది. ముదిరిన మంటకు నీళ్ళు ఎక్కువ కావాలి. ఆ నీళ్ళు అక్కడ ఉండవు.

వెయ్యి గ్యాలన్లు ఎంతసేపు?

షెడ్డులోంచి ముందు బయటికి వచ్చేది ఇంజన్. అమెరికా పరిభాషలో ఇంజన్ అంటే పంపు, కొంత నీరు, గొట్టాలు మోసుకెళ్ళే బండి. ప్రమాణం ప్రకారం దాని ట్యాంకులో కనీసం 300 గ్యాలన్లు ఉండాలి. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. నగరంలో హైడ్రంట్‌కు గొట్టం తగిలించేలోపు గడవడానికి అది చాలు. పల్లె కంపెనీలు సాధారణంగా వెయ్యి గ్యాలన్ల ట్యాంకు పెట్టించుకుంటాయి, అంటే 3,785 లీటర్లు. ఇంట్లో వాడుకుంటే వారం రోజులు వచ్చే నీళ్ళు.

మంట మీద ఎంతసేపు వస్తాయి? ఫైర్ అకాడమీలో నేర్పే సులువైన సూత్రం ఒకటుంది. ఇంటి పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి మూడుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని గ్యాలన్లు కావాలో వస్తుంది. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న చిన్న ఇల్లు పూర్తిగా అంటుకుంటే నిమిషానికి 400 గ్యాలన్లు. వెయ్యి గ్యాలన్ల బండి రెండున్నర నిమిషాల్లో ఖాళీ.

అందుకే ఉన్న నీళ్ళతో ఎక్కువ వేడిని లాగేయడం ఎలాగన్నదే మొదటి విద్య. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని మరిగే దాకా తీసుకెళ్ళడానికి సుమారు 335 కిలోజౌళ్ళు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరి చెయ్యడానికి మరో 2,257 కిలోజౌళ్ళు కావాలి. బళ్ళో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. నీళ్ళు వేడెక్కి కిందికి కారిపోతే ఏడో వంతు పని కూడా జరగనట్టు. ఆవిరైతేనే పూర్తి గిట్టుబాటు: లీటరు నీరు, 150 గ్రాముల ఎండు కట్టె కాలితే పుట్టే వేడిని మింగేస్తుంది. నాజిల్ చివర తిప్పితే ధార సన్నని జల్లుగా మారేది ఇందుకే. చుక్క ఎంత చిన్నదైతే వేడిగాలికి తగిలే పైభాగం అంత ఎక్కువ, ఆవిరయ్యేది అంత త్వరగా. పైగా ఆ ఆవిరి నీటికన్నా 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. కిటికీలు తెరిచి లేని గదిలో తప్పుడు తీరున జల్లు కొడితే, ఆ ఆవిరి వెనక్కి తిరిగి నాజిల్ పట్టుకున్నవాడినే ఉడికిస్తుంది.

పట్టుకోవడం కూడా తేలిక కాదు. నిమిషానికి 150 గ్యాలన్లు, చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడితో చిమ్మే జల్లు నాజిల్, మనిషిని సుమారు 34 కిలోల బలంతో వెనక్కి తోస్తుంది. అందుకే ఒకడు నాజిల్ పడితే ఇంకొకడు వెనక నుంచి గొట్టాన్ని, అతణ్ణి ఆనుకుని నిలబడతాడు.

గొట్టంలో పోయే బలం

గొట్టం లోపలి గోడలు నీటి బలాన్ని తినేస్తాయి. ప్రవాహం రెట్టింపైతే ఆ నష్టం నాలుగు రెట్లు. రెండున్నర అంగుళాల గొట్టంలో నిమిషానికి వెయ్యి గ్యాలన్లు తోస్తే ప్రతి వంద అడుగులకూ చదరపు అంగుళానికి 200 పౌండ్ల ఒత్తిడి పోతుంది. దూరం పెరిగితే అంత నష్టాన్ని పూడ్చే పంపు ఉండదు, అసలు ఆ ఒత్తిడికి గొట్టమే నిలవదు. అదే నీటిని ఐదు అంగుళాల గొట్టంలో పంపితే నష్టం ఎనిమిది పౌండ్లే. వెడల్పు రెట్టింపు, నష్టం పాతికో వంతు. పల్లెల్లో ఇల్లు రోడ్డుకు అరమైలు లోపల, కంకర బాట చివర ఉంటుంది. రోడ్డు నుంచి ఇంటి దాకా నీళ్ళు చేరుతున్నాయంటే అది ఈ లావు గొట్టం పుణ్యమే.

గొట్టానికి గొట్టం కలిపే మూతికీ ఒక కథ ఉంది. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే వాషింగ్టన్, ఫిలడెల్ఫియాల నుంచి ఇంజన్లు రైళ్ళెక్కి వచ్చాయి. తీరా చూస్తే చాలా గొట్టాల మరచుట్టు బాల్టిమోర్ హైడ్రంట్లకు సరిపోలేదు. సాయం వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. 1,500కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మరచుట్లకు దేశమంతటా ఒకే కొలత ఉండాలన్న పట్టుదల ఆ బూడిదలోంచి పుట్టింది. ఒకే మంటకు ఐదారు ఊళ్ళ బండ్లు కలిసి పనిచెయ్యాల్సిన పల్లెల్లో ఆ కొలతకు విలువ మరీ ఎక్కువ.

మడత తొట్టి, మన బావి మోటారు

ఇంజన్ వెనకే వచ్చేది ట్యాంకర్. దేశానికి పడమటి వైపు దీన్నే టెండర్ అంటారు, అక్కడ ట్యాంకర్ అంటే ఆకాశం నుంచి నీళ్ళు చల్లే విమానం. పెన్సిల్వేనియా పల్లెల్లో ట్యాంకరే. రెండు వేల నుంచి మూడు వేల గ్యాలన్లు పట్టే నీళ్ళ బండి.

అది మంట దగ్గరికి వచ్చాక జరిగే పనిని దగ్గర నుంచి చూడాలి. ఇద్దరు మనుషులు బండి పక్క నుంచి పెద్ద మడత మంచంలాంటి దాన్ని దించుతారు. లోహపు చట్రం, దానికి మందపాటి ప్లాస్టిక్ గుడ్డ. నాలుగు మూలలా లాగి విప్పితే పది పదకొండు అడుగుల చదరంలో, నడుముకు కాస్త దిగువగా ఉండే తొట్టి తయారు. దీనికంతా నిమిషం పట్టదు. ట్యాంకర్ వెనక్కి వచ్చి తొట్టి అంచుకు ఆనగానే డ్రైవరు మీట లాగుతాడు. వెనకనున్న చదరపు తలుపు తెరుచుకుని నీళ్ళు గొట్టంతో పనిలేకుండా దబదబా కుమ్మరించుకుంటాయి. నిమిషానికి కనీసం వెయ్యి గ్యాలన్ల చొప్పున కుమ్మరించాలన్నది ప్రమాణం. మూడు నిమిషాల్లో బండి ఖాళీ. మళ్ళీ చెరువు దారి పడుతుంది. ఇంజన్ ఆ తొట్టిలోంచి తోడుకుంటూ మంట మీద కొడుతుంది.

ఒక ట్యాంకర్ ఎంత నీరివ్వగలదో లెక్క కడదాం. మూడు వేల గ్యాలన్లలో పదో వంతు అడుగున మిగిలిపోతుందనుకుంటే చేతికొచ్చేది 2,700. చెరువు రెండు మైళ్ళ దూరంలో ఉంటే పోను రాను ఎనిమిది నిమిషాలు. నింపడం మూడు, కుమ్మరించడం మూడు, వెనక్కి తిప్పుకోవడం, గొట్టం తగిలించడం కలిపి ఇంకొకటి. మొత్తం పదిహేను నిమిషాలు. 2,700ని 15తో భాగిస్తే నిమిషానికి 180 గ్యాలన్లు. మన చిన్న ఇంటికి కావలసింది 400. అంటే ఇలాంటి ట్యాంకర్లు మూడు, గొలుసు తెగకుండా తిరుగుతూ ఉండాలి. అందుకే పిలుపు వచ్చిన క్షణంలోనే చుట్టుపక్కల నాలుగైదు కంపెనీల ట్యాంకర్లను కలిపి పిలుస్తారు. బావి నుంచి మంట దాకా మనుషులు వరసగా నిలబడి బక్కెట్లు అందించుకున్న రోజుల్లో చేసిందీ ఇదే. వరసలో మనిషికి బదులు లారీ నిలబడింది, అంతే.

తొట్టిలోంచో చెరువులోంచో నీళ్ళు తోడే విద్య మాత్రం తెలుగు రైతుకు కొత్తగా నేర్పనక్కర్లేదు. ఫైరింజన్‌లో ఉన్నదీ మన పొలాల్లో తిరిగేలాంటి సెంట్రిఫ్యూగల్ పంపే. అది నీటిని విసరగలదు గాని గాలిని విసరలేదు. పైపులో గాలి ఉన్నంతసేపూ ఉత్తినే గిర్రున తిరుగుతుంది. మనవాళ్ళు ఫుట్‌వాల్వు బిగించి, పైనుంచి బిందెతో నీళ్ళు పోసి గాలిని తరిమేస్తారు. ఫైరింజన్‌లో ఆ పనికి ప్రైమర్ అనే చిన్న పంపు వేరే ఉంటుంది. మీట నొక్కగానే అది గొట్టంలోని గాలిని పీల్చి పారేస్తుంది. పీల్చేటప్పుడు నలిగి అతుక్కుపోకుండా ఈ గొట్టాన్ని గట్టిగా చేస్తారు. ఆరు అంగుళాల లావు, పదేసి అడుగుల ముక్కలు, చివర జల్లెడ.

నిజానికి పంపు నీటిని లాగదు. లోపల గాలి తగ్గితే బయటి గాలి బరువు చెరువు నీటిని గొట్టంలోకి తోస్తుంది. 1640లలో ఇటలీలో టోరిసెల్లి తేల్చిన సంగతి ఇది. సముద్రమట్టం దగ్గర గాలి తోయగల ఎత్తు 10.3 మీటర్లు, అదీ లోపల పూర్తి శూన్యమైతే. ఆచరణలో ఏడు మీటర్లు దాటితే కష్టం. మన మోటబావుల్లో నీటి మట్టం దిగజారిన కొద్దీ రైతులు మోటారును గట్టు మీది నుంచి బావి లోపలి మెట్టు మీదికి దించుకుంటూ పోయింది ఈ ఏడు మీటర్ల కట్టుబాటుకు లోబడే. పెన్సిల్వేనియాలో ఎత్తైన వంతెన మీద ఇంజన్ ఆపి, కింద పారే ఏటిలోకి గొట్టం దించినా చుక్క రాకపోవడానికీ అదే కారణం. ఎంత గొప్ప పంపు పెట్టినా గాలి బరువు పెరగదు కదా!

ఈ చిక్కుకు పల్లెవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం డ్రై హైడ్రంట్. చెరువు లోతులో జల్లెడ పెట్టి, అక్కడ నుంచి రోడ్డు పక్క దాకా లావు ప్లాస్టిక్ పైపు భూమిలో పాతేస్తారు. రోడ్డు మీద మూతి ఒక్కటే కనబడుతుంది. ఇంజన్ బురదలోకి దిగనక్కర్లేదు, వచ్చి తగిలించి పీల్చుకోవడమే. జనవరిలో చెరువు మీద మంచు పేరుకున్నా జల్లెడ దాని అడుగున ఉంటుంది కాబట్టి గొడ్డలితో గుంత తవ్వే పని తప్పుతుంది.

నీళ్ళే ప్రమాదం

మూడు వేల గ్యాలన్లంటే ఒక్క నీళ్ళ బరువే 11 టన్నుల పైమాట. ఆ నీరు కట్టేసిన మూట కాదు, కదిలే సరుకు. బ్రేకు వేస్తే ముందుకు ఉరుకుతుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు లోపల చిల్లుల గోడలు అడ్డంగా నిలిపి ఆ ఉరుకుడును విరుస్తారు. అయినా అర ట్యాంకుతో పోయే బండి నిండు బండికన్నా మొండిది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లన్న సూత్రం దీనికీ వర్తిస్తుంది.

పల్లె రోడ్లలో ఈ ట్యాంకర్ల ప్రమాదాలు దాదాపు ఒకే తీరున జరుగుతాయి. కుడి చక్రాలు తారు అంచు దాటి మట్టిలోకి దిగుతాయి. డ్రైవరు కంగారుగా స్టీరింగ్ ఎడమకు తిప్పుతాడు. నీళ్ళు ఒక వైపుకు, బండి ఒక వైపుకు పోయి పల్టీ కొడుతుంది. మంటల్లో చిక్కుకుని పోయేవాళ్ళ కథలు పత్రికల్లో వస్తాయి గాని, దారిలోనే ట్యాంకర్ తిరగబడి పోయిన వాలంటీర్లూ తక్కువేం కాదు. సీటు బెల్టు పెట్టుకోనివాళ్ళు వారిలో చాలామంది. కాబట్టి శిక్షణలో మొదటి పాఠం నెమ్మదిగా వెళ్ళడం. చక్రం మట్టిలోకి దిగితే అలాగే నిదానించి, ఆ తర్వాతే పైకి ఎక్కించడం రెండో పాఠం.

గడ్డి, సైన్యం లారీ, ఇనుప దవడలు

పొలాల్లో, అడవి అంచుల్లో గడ్డి మంటలకు చిన్న బండి ఉంటుంది. నాలుగు చక్రాలూ లాగే పికప్ లారీ మీద రెండు మూడు వందల గ్యాలన్ల ట్యాంకు, సొంత పెట్రోలు ఇంజన్‌తో తిరిగే చిన్న పంపు. పెద్ద ఇంజన్లలో చాలావాటిలో పంపును తిప్పేది బండి ఇంజనే కాబట్టి, ఆగితేనే నీళ్ళు చిమ్ముతాయి. ఈ చిన్నది నడుస్తూనే చిమ్ముతుంది. పరిగెత్తే గడ్డి మంట పక్కన పరిగెత్తడానికి ఇదే తగినది. డబ్బు లేని కంపెనీలకు అటవీ శాఖ ద్వారా సైన్యం వాడి వదిలేసిన లారీలు అరువుగా దొరుకుతాయి. వాటి మీద ట్యాంకు ఎక్కించి, కొత్త రంగు పూసి, సొంతంగా బండి తయారు చేసుకునే కంపెనీలు ఎన్నో.

పశువుల కొట్టాల్లో అటక నిండా దాచుకునే గడ్డిది వేరే చిక్కు. సరిగా ఆరని గడ్డిని కట్టలు కట్టి పెడితే, లోపల సూక్ష్మజీవులు పనిచేసి వేడి పుట్టిస్తాయి. తడి గడ్డివాములో చెయ్యి పెట్టి చూసిన మన రైతుకు ఆ వెచ్చదనం తెలుసు. వేడి ఒక హద్దు దాటాక రసాయనిక చర్య అందుకుంటుంది. లోపల 80 డిగ్రీలు దాటిందంటే కట్టలు కదిలించే ముందు ఫైర్ కంపెనీని పిలవాలి. కదిలించగానే గాలి తగిలి భగ్గుమంటుంది మరి. ఇలాంటి మంటకు ఉత్త నీళ్ళు పైనుంచి జారిపోతాయి. కాస్త సబ్బులాంటి ఫోమ్ కలిపితే నీటి తలతన్యత తగ్గి లోపలికి ఇంకుతుంది. 1970లలో నీళ్ళ కరువున్న టెక్సాస్‌లో కాగితపు మిల్లుల్లో మిగిలిపోయే పైన్ సబ్బును నీళ్ళల్లో, గాలిలో కలిపి చిమ్మి చూశారు. ఈనాటి ఫోమ్ యంత్రాలు ఆ ప్రయోగానికి వారసులే.

ఇక రోడ్డు ప్రమాదాలు. నుజ్జయిన కారులోంచి మనిషిని బయటికి తియ్యడానికి వాడే హైడ్రాలిక్ కత్తెరలు, దవడలు మొదట కారు పందేల మైదానాల కోసం తయారయ్యాయి. జార్జ్ హర్స్ట్ పేరు మీద వచ్చిన ఆ పరికరాన్ని అమెరికన్లు ప్రాణాలు కాపాడే దవడలని పిలుచుకుంటారు. లోపలి సూత్రం పాస్కల్‌ది. నూనె ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 700 రెట్లు. ఐదు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పిస్టన్ మీద ఆ ఒత్తిడి పడితే దాదాపు 14 టన్నుల బలం. కారు తలుపు స్తంభం తాటి మట్టలా తెగుతుంది.

మనిషి ఒంటి మీది సరంజామా కూడా ఒక యంత్రమే. కోటు మూడు పొరలు: మంటకు కరగని పై గుడ్డ, నీటిని ఆపే నడిమి పొర, వేడిని ఆపే లోపలి పొర. పై గుడ్డలో తరచుగా వాడే కెవ్లార్ పోగు 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టినది. వీపున ఉండే సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండేది మామూలు గాలే, గట్టిగా కుక్కినది. అరగంట సిలిండర్ అంటే నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్క. మెట్లెక్కి గొట్టం లాగేవాడి ఊపిరికి ఆ లెక్క ఆనదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో అయిపోవచ్చు. మూడో వంతు మిగలగానే గంట మోగి, ఇక బయటికి నడవమంటుంది. మనిషి 30 సెకన్లు కదలకుండా పడి ఉంటే మరో పరికరం చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. పొగలో కళ్ళు పనిచెయ్యవు. ఆ కూతను పట్టుకునే తోటివాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

బొంతలు అమ్మి కొన్న బండి

కొత్త ఇంజన్ ధర ఇప్పుడు పది లక్షల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్ళింది. ఆ డబ్బు ఎక్కడిది? పెన్సిల్వేనియాలో బయటి రాష్ట్రాల బీమా కంపెనీలు వసూలు చేసే అగ్ని బీమా ప్రీమియం మీద రెండు శాతం పన్ను, ఫైర్‌మెన్ సహాయ సంఘాలకు వెళుతుంది. 2001 నుంచి కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లూ ఉన్నాయి. మిగతాది ఊరు పోగెయ్యాల్సిందే. నా మిత్రుడికి వచ్చిన ఉత్తరం అందులో ఒకటి. ఆదివారం కోడి మాంసం కాల్చి అమ్మడం ఇంకొకటి.

లాంకాస్టర్ కౌంటీలో దీనికి ఒక తిరనాళ్ళే ఉంది. చలికాలం పోయి నేల కరిగి బురదయ్యే రోజుల్లో పొలంలో వేలం వేస్తారు, పేరే బురద సంత. గార్డన్‌విల్ సంత వీటిలో పేరున్నది. ఆడవాళ్ళు కుట్టిన బొంతలు, గుర్రపు బగ్గీలు, నాగళ్ళు, ఇంటి సామాను అన్నీ పాటకు వస్తాయి. వచ్చిన డబ్బు ఆ ఊరి ఫైర్ కంపెనీకి. అక్కడి ఆమిష్ అనే క్రైస్తవ శాఖ జనం మోటారు వాహనం నడపరు, అది వాళ్ళ మత నియమం. కానీ మంటలార్పే దళంలో వాళ్ళు చాలామందే ఉంటారు. స్టీరింగ్ ఇంకొకరు పడతారు, వెనక కూర్చుని వెళ్ళి గొట్టం వీళ్ళు పడతారు.

ఇంత యంత్రం ఉన్నా దాన్ని కదిపే మనుషులు తగ్గిపోతున్నారు. 1970లలో పెన్సిల్వేనియాలో మూడు లక్షల మంది వాలంటీర్లు ఉండేవారు. 2018లో శాసనసభ నియమించిన సంఘం లెక్క చూస్తే 38 వేలే తేలారు. పనికోసం పట్నానికి పోయి రాత్రికి వచ్చేవాడు పగటి మంటకు రాలేడు. శిక్షణ గంటలు పెరిగాయి, రెండో ఉద్యోగం చేస్తే తప్ప ఇల్లు గడవనివాళ్ళూ పెరిగారు. ట్యాంకును పెద్దది చేసుకోవచ్చు, గొట్టాన్ని లావు చేసుకోవచ్చు. రెండు స్వరాలు వినబడగానే కంచం ముందు నుంచి లేచేవాడిని ఏ షాపులోనూ అమ్మరు.

మంట ఆరాక ఏం చేస్తారో చెప్పి ముగిస్తాను. తెల్లవారుజామున మూడింటికి బండ్లు షెడ్డుకు చేరతాయి. ఎవరూ ఇంటికి పోరు. ముందు ట్యాంకు నింపుతారు. తడి గొట్టాలు కడిగి ఆరవేసి, పొడివి తెచ్చి, లాగితే చిక్కుపడకుండా మడతలు పేరుస్తారు. సిలిండర్లు మార్చి, పంపులో నీళ్ళు గడ్డకట్టకుండా వంపేసి, ప్రైమర్ ఒకసారి నొక్కి చూస్తారు. అన్నీ సరిచూసుకున్నాక ఒకడు రేడియోలో కంట్రోల్ రూముకు బండి సిద్ధంగా ఉందని చెబుతాడు. ఆ మాట చెప్పాకే దీపం ఆర్పుతారు. బక్కెట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని 1736లో రాసుకున్న నియమం ఇంకా మారలేదు. నా మిత్రుడికి ఈ సంగతంతా చెప్పాను. "మళ్ళీ ఏడు ఉత్తరం వస్తుందంటావా?" అన్నాడు. వస్తుంది. అందాకా ఎందుకు, ఆదివారం కోడి మాంసం తినడానికి వెళ్ళమన్నాను.